ఐఐఎం మన ఊళ్లో ఉంటే సీటు మనకు దగ్గరవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి గాజువాకలో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. ఎంబీఏ చేస్తానంటోంది. ఐఐఎం మన విశాఖలోనే ఉంది కనుక స్థానికులకు కొన్ని సీట్లు ఉంటాయని విన్నాం, నిజమేనా? ఇంజనీర్ల మధ్య బీకాం పిల్ల నెగ్గుకురాగలదా? లేక ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చేర్పించమంటారా?

జవాబు: విశాఖ ఐఐఎంలో స్థానిక కోటా లేదు. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టంలోని హామీ మేరకు అది ఇక్కడికి వచ్చినప్పటికీ, కేంద్ర సంస్థ కావడం వల్ల దాని ప్రవేశాలు దేశమంతటికీ ఉమ్మడివి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు, దివ్యాంగుల రిజర్వేషన్లు ఉంటాయి. అంతకు మించి ఊరిని బట్టి ఏమీ రాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిస్థితి వేరు. అక్కడ రాష్ట్ర స్థాయి ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ ర్యాంకుతో ప్రవేశం, 85 శాతం సీట్లు స్థానిక ప్రాంత విద్యార్థులవి.

ఈ రెండు సంస్థలూ కొన్నేళ్లు ఒకే ఆవరణలో ఉన్నాయన్న సంగతి ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. 2015లో ఐఐఎం బెంగళూరు మార్గదర్శకత్వంలో మొదలైన మన ఐఐఎం తొలి తరగతులు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని ఒక భవనంలోనే జరిగాయి. ఆనందపురం వైపు గంభీరంలో కట్టిన శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రారంభించారు. ఆశ్రయమిచ్చిన విశ్వవిద్యాలయం 1926 నాటిది, ఎంబీఏను దశాబ్దాలుగా నడుపుతున్నది. అందువల్ల దాన్ని "ఏదీ రాకపోతే అక్కడ" అన్న మాటతో తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక మీ అసలు భయం, తోటి విద్యార్థుల గురించి. ఐఐఎంలలో ఇంజనీర్లే ఎక్కువ, వారిలో ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవారూ చాలామంది ఉంటారన్నది నిజమే. అయితే అక్కడి చదువు ఎక్కువగా కేస్ స్టడీల (కంపెనీలకు ఎదురైన సమస్యల మీద చర్చల) మీద, ఐదారుగురి బృందాల్లో సాగుతుంది కనుక పక్కన కూర్చునేవారి నుంచి నేర్చుకునేది పాఠంలో సగం ఉంటుంది. నర్సీపట్నం నుంచి బీకాం చదివి ఒక ఐఐఎంలో చేరిన అమ్మాయి తొలి నెలంతా తరగతిలో నోరు విప్పలేదు. ఒక రాత్రి బృందమంతా ఒక కంపెనీ అమ్మకాలు ఏటా పెరుగుతున్నాయని మురిసిపోతుంటే, ఆమె బ్యాలెన్స్ షీట్‌లో రావలసిన బాకీల వరుస మీద వేలు పెట్టి, "సరుకు అమ్ముడైంది గానీ డబ్బు చేతికి రాలేదు కదా" అన్నదట. అప్పటి నుంచి పరీక్ష ముందు రోజు ఆమె గది ముందు చెప్పులు నిండిపోయేవని వాళ్ల అమ్మగారు నాతో సంతోషంగా చెప్పారు.

మీ అమ్మాయికి అడ్డు వచ్చేది ఇంజనీర్లు కారు, ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌లోని లెక్కల విభాగం. బీకాం పిల్లల్లో చాలామంది ఇంటర్‌లోనే గణితాన్ని వదిలేసి ఉంటారు కనుక శాతాలు, నిష్పత్తుల నుంచి మళ్లీ మొదలుపెట్టడానికి నామోషీ పడకూడదు. నవంబరులో క్యాట్ రాయించండి, ఆ తర్వాత వచ్చే ఐసెట్‌నూ వదలవద్దు. ఆశించిన పర్సంటైల్ (రాసినవారిలో ఎంత శాతం మందికన్నా ముందున్నదో చెప్పే అంకె) రాకపోతే భారీ ఫీజు కట్టి పేరు తెలియని కళాశాలలో చేర్చడం కన్నా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరడమో, రెండేళ్లు ఉద్యోగం చేసి మళ్లీ క్యాట్ రాయడమో మేలు.

ఏ కళాశాలకు వెళ్లినా గత బ్యాచ్ వివరాలు రాతపూర్వకంగా అడగండి: ఏయే డిగ్రీలవారు, అనుభవం ఉన్నవారెందరు, ప్లేస్‌మెంట్లకు కూర్చున్నవారిలో ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం (జీతాలను వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) ఎంత. అత్యధిక జీతం ఒక్కటే చెప్పి ఊరుకునేవారిని మరీ మరీ అడగండి.

ఈ ఆదివారం పాత క్యాట్ పేపరు ఒకటి గడియారం పెట్టి, ఒక్కో విభాగానికి 40 నిమిషాల చొప్పున రాయించండి. మూడు విభాగాల మార్కులూ విడివిడిగా పంపితే, లెక్కలకు ఎన్ని నెలలు కావాలో చూసి చెబుతాను.