పహణిలో అమ్మ పేరు ఎక్కే దాకా ఏ స్టాంపు పేపరు మీదా సంతకం వద్దు

ప్రశ్న: మాది కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా. నేను బెంగళూరు బొమ్మనహళ్లిలో గార్మెంట్స్‌లో పని చేస్తున్నాను. నాన్న 2021లో వీలునామా రాయకుండా చనిపోయారు. ఆయన కష్టపడి కొన్న రెండెకరాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. అమ్మ మల్బరీ సాగు చేసి, పట్టుపురుగులు పెంచి, రెండు ఆవుల పాలు డైరీకి పోసి బతుకుతోంది. పంట లోనుకు సొసైటీకి వెళితే పహణిలో, అంటే భూమి రికార్డులో, నీ పేరు లేదన్నారు. పీఎం కిసాన్ డబ్బులు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు అన్న స్టాంపు పేపరు తెచ్చి, లోను కోసమేనంటూ అమ్మను వేలిముద్ర వేయమంటున్నాడు, నన్నూ తమ్ముణ్ణీ సంతకాలు పెట్టమంటున్నాడు. ప్లాట్లు వేసే లేఅవుట్ వాళ్లతో బేరం కుదిరిందని ఊళ్లో అంటున్నారు. పెళ్లయిన నాకు భాగం ఉంటుందా? అమ్మ గతేమిటి?

జవాబు: ముందుగా ఆ స్టాంపు పేపరు సంగతి. మీరు గానీ అమ్మ గానీ దాన్ని ముట్టుకోవద్దు. లోను కావాలంటే బ్యాంకు ఫారాలే వేరు, వాటి మీద బ్యాంకులోనే సంతకం పెట్టిస్తారు. ఇంట్లో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకోరు. నా దగ్గరికి వచ్చిన ఒకామెను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కెమెరా ముందు కూర్చోబెడితే, ఏదో కార్డుకు ఫొటో తీస్తున్నారనుకుందట. అది తన భాగం వదులుకుంటున్నట్టు రాసిన హక్కు విడుదల పత్రమని జేసీబీ పొలంలోకి దిగిన రోజే తెలిసింది. అలాంటి పత్రాన్ని రద్దు చేయించుకోవాలంటే మోసం తెలిసిన మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరగాలి. రిజిస్టరు కాని కాగితంతో మీ హక్కు పోదు. కానీ అదే కాగితాన్ని మీ ఒప్పుదలగా చూపించి, రెవెన్యూ రికార్డులోని భూమి ఖాతా తమ పేరున మార్పించుకునే ప్రయత్నం చేస్తారు.

ఇక భాగాలు. నాన్న సొంతంగా కొన్న భూమి కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం అమ్మ, అన్న, తమ్ముడు, మీరు నలుగురూ సమానమే. రెండెకరాలంటే 80 గుంటలు, ఒక్కొక్కరికి 20 గుంటలు. నాన్న చనిపోయేనాటికి మీ నానమ్మ బతికి ఉండి ఉంటే ఆమె అయిదో వారసురాలు. అప్పుడు తలా 16 గుంటలు. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే చట్టంలో లేదు. పెళ్లికి పెట్టిన బంగారం, ఖర్చూ లెక్కచెప్పి భాగం లేదనడం ఊరి మాట. ఒకవేళ పిత్రార్జితమే అయినా, 2005 సవరణతో కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చేసింది. పెద్దకొడుకు గనుక అన్నకు ఎక్కువ అనేది ఎక్కడా లేదు.

అన్న తన 20 గుంటలు అమ్ముకోగలడు, మీ ముగ్గురి 60 గుంటలు అమ్మలేడు. పైగా తన భాగం బయటివాళ్లకు అమ్మబోతే ముందుగా కొనుక్కునే హక్కు 22వ సెక్షన్ కింద మీ ముగ్గురికీ ఉంది. ఇది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. చాలామందికి ఈ సంగతే తెలియదు. కర్ణాటకలో భూసంస్కరణల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత రైతులు కానివాళ్లు కూడా పొలం కొనవచ్చు. బెంగళూరు చుట్టూ బ్రోకర్ల తాకిడి ఇంత పెరగడానికి అదీ ఒక కారణం.

అమ్మ విషయం నాకు ఇంకా ముఖ్యం. పహణి తీసి చూడండి. తొమ్మిదో కాలమ్‌లో యజమాని పేరు, పదకొండులో అప్పులు, పన్నెండులో సాగుదారు పేరు, పంట ఉంటాయి. తొమ్మిదిలో నాన్న పేరే ఉన్నంతకాలం, తెల్లవారకముందే మల్బరీ ఆకు కోసి తట్టలు నింపే ఆ మనిషి ఆఫీసు లెక్కలో రైతు కాదు. నాడకచేరిలో, అంటే మీ హోబ్లీ రెవెన్యూ ఆఫీసులో, పౌతి ఖాతాకు (చనిపోయినవారి ఖాతా వారసులకు మార్చడానికి) అర్జీ పెట్టి, నలుగురి పేర్లతో జంటి ఖాతా, అంటే ఉమ్మడి ఖాతా చేయించండి. అన్న ఒక్కడి పేరున అర్జీ పెట్టి ఉంటే, నోటీసు గడువులోపు రాతపూర్వకంగా తకరారు (అభ్యంతరం) ఇవ్వండి. ఖాతా ఇప్పటికే మారిపోయి ఉంటే అసిస్టెంట్ కమిషనర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. పహణిలో పేరెక్కినంత మాత్రాన అన్న యజమాని అయిపోడు. అది రెవెన్యూ లెక్క మాత్రమే. కానీ బేరగాళ్లు చూసేది దాన్నే.

పేరెక్కాక పీఎం కిసాన్‌కు మళ్లీ దరఖాస్తు చేయించండి. భూమి యజమాని చనిపోయాక వారసులకు మారడానికి ఆ పథకంలో వీలుంది, ఏడాదికి 6,000 రూపాయలు వస్తాయి. పంట లోను కూడా 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. జంటి ఖాతా మీద లోనుకైతే మిగతా వారసుల ఒప్పుదల అడుగుతారు. అందుకే మీ భాగం, తమ్ముడి భాగం అమ్మకు ఇవ్వాలనిపిస్తే రిజిస్టరు పత్రంతో ఇవ్వండి, నోటిమాటతో వద్దు. కాకపోతే తొందరపడవద్దని నా సలహా. అమ్మ పక్కన మీ పేరు కూడా ఉన్నంతకాలం ఆమె ఒంటరి కాదు.

అన్న వినకపోతే భాగపంపకాల దావా వేసి, పొలం అమ్మకుండా మధ్యంతర ఇంజంక్షన్ అడగాలి. డైరీ పాస్‌బుక్, శిడ్లఘట్ట మార్కెట్‌లో పట్టుగూళ్లు అమ్మిన రసీదులు, ఎరువుల బిల్లులు అన్నీ ఒక కవర్లో దాచమనండి. పొలం ఎవరి చేతిలో ఉందో జడ్జికి చెప్పేవి అవే. ఖర్చు గురించి టెన్షన్ వద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. తాలూకా కోర్టులోనే న్యాయసేవల కమిటీ ఉంటుంది, ఫోను 15100.

మీకు ఆదివారమే సెలవు, నాడకచేరి ఆ రోజు మూసి ఉంటుంది. పనిరోజు ఒకటి లీవు పెట్టి, అమ్మను వెంటబెట్టుకుని వెళ్లండి. నాన్న మరణ ధ్రువపత్రం, క్రయపత్రం, వంశవృక్షం, కొత్తగా తీసిన పహణి, అందరి ఆధార్ కాపీలు పట్టుకెళ్లండి. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకుండా అక్కడి నుంచి కదలొద్దు.