టెక్ సందేహాలు: ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తే భయపడాలా?

ఎండలు ముదిరేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో ‘టెంపరేచర్’ అన్న మాట ఎక్కువవుతుంది. అందుకే ఈసారి అన్నీ వేడి గురించిన ప్రశ్నలే. ఇక్కడ రాసిన డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

ప్రశ్న: మాది రామగుండం. కోర్ ఐ5-12400, దాంతోపాటు వచ్చిన కూలరే వాడుతున్నాను. జనవరిలో గేమ్ ఆడితే 70 దాటేది కాదు. ఇప్పుడు 84, 85 చూపిస్తోంది. ప్రాసెసర్ పాడవుతోందా?

పాడవడం లేదండీ. పెరిగింది మీ గది వేడి. కూలర్ అనేది చల్లదనాన్ని పుట్టించే యంత్రం కాదు, చిప్ వేడిని తీసుకెళ్లి గదిలోని గాలికి అప్పజెప్పే సాధనం. ఫ్యాన్ అదే వేగంతో తిరుగుతూ, చిప్ అన్నే వాట్లు తాగుతుంటే, గది గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో గది 25 ఉండి ఇప్పుడు 39 ఉంటే మీ 70 కాస్తా 84 అయింది. లెక్క సరిపోయింది కదా.

ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దు దగ్గరికి రాగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటాం. అప్పటికీ వేడి అదుపులోకి రాకపోతే, ఇంకాస్త పైన, కంప్యూటరే ఠక్కున ఆగిపోతుంది. కాబట్టి కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. మీరు గమనించాల్సింది వేగం తగ్గుతోందా లేదా అన్నదే.

అది చూడ్డానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసుకోండి, ఉచితమే. తెరిచేటప్పుడు ‘సెన్సర్స్ ఓన్లీ’ టిక్ చేయండి. మీరు ఆడే గేమే 20 నిమిషాలు ఆడి, తర్వాత మూడు గళ్లు చూడండి. ‘సీపీయూ ప్యాకేజ్’ వరుసలో మాగ్జిమమ్ ఎంత? ‘కోర్ థర్మల్ థ్రాట్లింగ్’ దగ్గర ఎస్ అని పడిందా? కోర్ క్లాక్ (చిప్ నడిచే వేగం) ఎంత? మీ ప్రాసెసర్‌లో అన్ని కోర్లూ పనిచేస్తున్నప్పుడు 4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటే, 85 అయినా 88 అయినా నిశ్చింతగా ఆడుకోండి. 90 దాటి, క్లాక్ మెట్లు దిగుతున్నట్టు పడిపోతుంటే అప్పుడు పని పడుతుంది.

ముందు క్యాబినెట్ పక్క పలక తీసేసి మళ్లీ అదే 20 నిమిషాల పరీక్ష పెట్టండి. ఏడెనిమిది డిగ్రీలకు మించి తగ్గితే తప్పు కూలర్‌ది కాదు, క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. ముందు భాగం మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్లు చూపుకు బాగుంటాయి, గాలికి మాత్రం గోడలే. ముందు నుంచి రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి నెట్టాలి. పలక తీసినా తేడా లేకపోతే హీట్‌సింక్ (కూలర్‌లోని లోహపు భాగం) రెక్కల మధ్య దుమ్ము చూడండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే అది మామూలు కంటే ఎన్నో రెట్ల వేగంతో గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

ప్రశ్న: రైజెన్ 5 7600ఎక్స్ కొన్నాను. మంచి టవర్ కూలర్ పెట్టినా, వీడియో రెండర్ మొదలవగానే 95కి వెళ్లి అక్కడే నిలబడుతోంది. షాపువాళ్లు లిక్విడ్ కూలర్ కొనమంటున్నారు. కొనాలా?

వద్దు. ఈ చిప్ తీరే అంత. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరుసలోని ఎక్స్ రకాలను ఏఎండీ అలాగే తయారుచేసింది. కరెంటు, వోల్టేజీ అడ్డురానంతవరకూ 95 డిగ్రీలు తగిలేదాకా వేగం పెంచుకుంటూ పోతాయి. అంటే 95 అన్నది వాటికి ప్రమాద ఘంటిక కాదు, గమ్యం. పెద్ద కూలర్ పెడితే అదే 95 దగ్గర ఇంకో వంద మెగాహెర్ట్జ్ ఎక్కువ లాగవచ్చు, అంతే. వేడంతా పుట్టేది సుమారు 70 చదరపు మిల్లీమీటర్ల ముక్కలో. పైగా పాత ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కూలర్లు పట్టాలని చిప్ మూతను మందంగా చేశారు. అంత చిన్న చోటు నుంచి, అంత మందం దాటించి వేడిని బయటికి లాగడం ఎంత ఖరీదైన కూలర్‌కైనా కష్టమే.

రూపాయి ఖర్చు లేని మార్గం ఒకటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ మెనూ వెతకండి. అందులో ఎకో మోడ్ 65 వాట్లు ఎంచుకుంటే, సాకెట్‌కు అందే గరిష్ఠ పవర్ 142 వాట్ల నుంచి 88కి దిగుతుంది. వేడి బాగా తగ్గుతుంది. గేమ్‌లలో తేడా పట్టుకోవడం కష్టం. రెండర్ కాస్త ఆలస్యమవుతుంది. పక్కనే కర్వ్ ఆప్టిమైజర్ (చిప్‌కు ఇచ్చే వోల్టేజీని తగ్గించే సెట్టింగ్) కూడా ఉంటుంది. అందులో నెగటివ్ 15తో మొదలుపెట్టవచ్చు. ఇది పడకపోతే బరువు పనిలోనే తెలుస్తుందనుకోకండి, చాలాసార్లు ఖాళీగా ఉన్నప్పుడు కంప్యూటర్ హఠాత్తుగా రీస్టార్ట్ అవుతుంది. అలా అయితే నెగటివ్ 10కి తగ్గించండి.

ఒక హెచ్చరిక. రైజెన్‌లన్నిటికీ హద్దు 95 కాదు. 7800ఎక్స్3డీకి 89, పాత 5800ఎక్స్‌కు 90. స్నేహితుడి చిప్‌తో మీ చిప్‌ను పోల్చుకోకుండా, తయారీదారు సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి ‘మాక్స్ ఆపరేటింగ్ టెంపరేచర్’ చూసుకోండి. ఇంటెల్ అయితే అదే విషయం ‘టీజంక్షన్’ పేరుతో ఉంటుంది.

ప్రశ్న: కొత్త కంప్యూటర్ నేనే బిగించుకున్నాను, ఇంటెల్ బాక్స్ కూలర్‌తో (ప్రాసెసర్‌తోపాటు వచ్చినదే). బయోస్‌లోనే 90 దాటుతోంది. విండోస్ వచ్చేలోపే ఆగిపోతోంది.

ఇది పూర్తిగా వేరే జబ్బు. వేడి ఎంతన్నది ఒక సంగతి, ఎంతసేపట్లో ఎక్కిందన్నది ఇంకో సంగతి. పది నిమిషాలకు మెల్లగా ఎక్కితే గాలి సమస్య. పని లేకుండానే, సెకన్లలో ఎక్కితే కూలర్ చిప్‌కు ఆనడం లేదు.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, కూలర్ విప్పండి. అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉందేమో చూడండి. బాక్స్ కూలర్‌కు ఉండదు కానీ విడిగా కొన్నవాటికి ఉంటుంది, తీయడం మరిచిపోయేవాళ్లు తక్కువేం కాదు. బాక్స్ కూలర్‌కు నాలుగు మూలలా నొక్కే పిన్నులుంటాయి. తొంభై పాళ్లు మీ తప్పు అక్కడే. పిన్ను తలమీద బాణం గుర్తు ఉంటుంది. ఆ దిక్కుకు తిప్పితే ఊడుతుంది. బిగించేముందు నాలుగింటినీ వెనక్కి తిప్పి మొదటి స్థానంలో పెట్టుకోవాలి. నాలుగు తెల్ల కాళ్లూ బోర్డు రంధ్రాల్లో కూర్చున్నాక, ఎదురెదురు మూలలను జతగా, బొటనవేలితో ‘టక్’మనేదాకా నొక్కండి. తర్వాత బోర్డును వెనక్కి తిప్పి చూడాలి. ప్రతి రంధ్రంలోంచీ తెల్ల కాలు బయటికొచ్చి, దాని మధ్యలో నల్లటి మేకు కనిపించాలి. ఒక్కచోట నల్లది కనబడకపోయినా ఆ మూల లేచి ఉన్నట్టే.

విప్పిన ప్రతిసారీ, చిప్ నుంచి కూలర్‌కు వేడిని దాటించే పేస్టు కొత్తగా వేయాలి. పాతది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి గుడ్డతో తుడిచేయండి. మధ్యలో బఠాణీ గింజంత పెడితే చాలు. 12వ తరం నుంచి ఇంటెల్ చిప్‌లు పొడుగ్గా ఉంటున్నాయి కనుక, నిలువుగా చిన్న గీత గీసినా మంచిదే. ఫ్యాన్ వైరు ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసున్న చోటే పెట్టారో లేదో కూడా చూడండి.

ఏఎం4 బోర్డు వాడేవాళ్లకు ఇదే సందర్భంలో ఒక మాట. పాత పేస్టు జిగురులా పట్టేసి, కూలర్ లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు ఏదైనా బరువు పని నడిపి పేస్టు మెత్తబడనిచ్చి, ఆపేశాక కూలర్‌ను అటూ ఇటూ మెలితిప్పుతూ తీయండి. నిట్టనిలువుగా లాగొద్దు.

ప్రశ్న: ఐ7-14700కే, 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్. అయినా 100 తగులుతోంది. ఈ మధ్య గేమ్‌లు మధ్యలో మూసుకుపోతున్నాయి కూడా.

రెండింటికీ మొదట చూడాల్సింది బయోస్‌లోనే. ఈ చిప్‌కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠ టర్బో పవర్ (అదనపు వేగంతో నడిచేటప్పుడు తీసుకునేది) 253 వాట్లు. చాలా మదర్‌బోర్డులు పవర్ లిమిట్ దగ్గర 4096 అని రాసి పెడతాయి. హద్దే లేదని దానర్థం. అలా వదిలేస్తే ఏ కూలరూ నిలవదు. బయోస్‌ను తాజా వెర్షన్‌కు మార్చి, ‘ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్’ ఎంచుకోండి.

గేమ్‌లు మూసుకుపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్ మెల్లగా దెబ్బతినే లోపం ఉందని ఇంటెలే ఒప్పుకుంది. 2024 ఆగస్టులో, సెప్టెంబరులో మైక్రోకోడ్ (బయోస్‌తోపాటు వచ్చే చిప్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, బాక్సులో అమ్మిన వాటికి వారంటీని రెండేళ్లు పొడిగించింది. దీని లక్షణం తమాషాగా ఉంటుంది. గేమ్ తెరుస్తుంటే ‘అవుట్ ఆఫ్ వీడియో మెమరీ’ అని వస్తుంది, జనం గ్రాఫిక్స్ కార్డును తిడతారు. దోషి ప్రాసెసర్. బయోస్ మార్చినా ఆ మెసేజ్ ఆగకపోతే అప్పటికే దెబ్బతిన్నట్టే, సవరణ దాన్ని బాగుచేయలేదు. బిల్లు తీసుకుని వారంటీకి వెళ్లండి.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. జీపీయూ 76 అంటుంది, ‘హాట్‌స్పాట్’ 101 అంటుంది. ఏది నిజం?

రెండూ నిజమే. మొదటిది జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, మొత్తానికి చెప్పే అంకె, రెండోది చిప్‌లోని సెన్సర్లలో అన్నిటికంటే వేడిగా ఉన్నదాని అంకె. రెండింటి మధ్య 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలు. మీకు 25 ఉంది. మధ్యలో పేస్టు అంచులకు జరిగిపోయిందనో, ఎండిపోయిందనో అనుకోవాలి. రెండు మూడేళ్లు వాడిన కార్డులకు ఇది సహజం. ఎన్విడియా 3060కి చెప్పిన హద్దు 93, 4060కి 90. అవి మొదటి అంకెకే వర్తిస్తాయి. ఏఎండీ రేడియాన్ కార్డులలో మాత్రం హాట్‌స్పాట్‌కే 110 హద్దు, అందుకే ఆర్‌ఎక్స్ కార్డు 100 చూపిస్తే ఎవరూ కంగారుపడరు. ఆర్‌టీఎక్స్ 50 వరుసలో హాట్‌స్పాట్ అంకెను ఎన్విడియా చూపించడమే మానేసింది. నన్నడిగితే అది వాడేవాళ్లకు నష్టమే.

కార్డు విప్పేముందు ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించి చూడండి. 170 వాట్ల కార్డు 136తో నడుస్తుంది. వేడి స్పష్టంగా తగ్గుతుంది, ఫ్రేమ్‌లు కొద్దిగానే పోతాయి. అయినా ఆ తేడా 25 దాటి పెరుగుతూ పోతుంటే పేస్టు మార్చాల్సిందే. వారంటీ మిగిలి ఉంటే విప్పకుండా సర్వీస్ సెంటర్‌లో అడగండి, స్క్రూ మీది స్టిక్కర్ చిరిగితే పేచీ పెట్టవచ్చు. మీరే విప్పితే మెమరీ చిప్‌ల మీది ప్యాడ్ల మందం కొలుచుకోండి. ఒక మిల్లీమీటరు ఉన్నచోట ఒకటిన్నర పెడితే కూలర్ పైకి లేచి, జీపీయూకు ఆనదు. బాగుచేయబోయి ఇంకా చెడగొట్టుకోవడం ఎక్కువగా ఇలాగే జరుగుతుంది.

ఖాళీగా ఉన్నప్పుడు కార్డు ఫ్యాన్లు తిరక్కపోతే అది లోపం కాదు. 50, 60 డిగ్రీలదాకా అవి ఆగే ఉంటాయి.

ప్రశ్న: టాస్క్ మేనేజర్‌లో జీపీయూ వేడి కనిపిస్తోంది, సీపీయూది కనిపించదేం?

విండోస్ అక్కడ సీపీయూ వేడి చూపించదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోనే దిక్కు. మీది బాగా పాత రైజెన్ 1700ఎక్స్ లేక 1800ఎక్స్ అయితే, ‘టీసీటీఎల్’ అని కనిపించే అంకెలోంచి 20 తీసేయండి. ఫ్యాన్ త్వరగా తిరగాలని ఏఎండీ కావాలనే కలిపిన 20 అది.

ప్రశ్న: విజయవాడ. ఎయిర్ కూలర్‌ను కంప్యూటర్ వైపు తిప్పి పెట్టవచ్చా?

గది చల్లబడటం మంచిదే, నేరుగా మాత్రం తిప్పకండి. కంప్యూటర్ లోపలి భాగాలు గాలి కంటే వేడిగా ఉంటాయి కాబట్టి వాటిమీద తేమ పట్టదు. చిక్కంతా కూలర్ చిమ్మే సన్నటి తుంపరతోనే. బోరు నీళ్లయితే ఆ తుంపర ఆరిపోయాక తెల్లటి ఉప్పు మిగులుతుంది, దుమ్ముతో కలిసి హీట్‌సింక్ రెక్కల్లో సున్నంలా గట్టిపడుతుంది. బ్లోయర్‌కు అది రాదు. కూలర్ ఆరడుగుల దూరంలో, పక్కకు తిరిగి ఉండాలి, కిటికీ ఒకటి తెరిచి ఉండాలి.

ప్రశ్న: గేమింగ్ లాప్‌టాప్ 96 చూపిస్తోంది. వారంటీలో ఇస్తే ‘నార్మల్’ అని తిప్పి పంపారు.

చిప్ వరకూ వాళ్లు చెప్పింది తప్పు కాదు. పలుచటి డొక్కులో అంత పవర్ కుక్కితే 95 దాకా వెళ్లడం మామూలే. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి వాడుతుంటే మీరు జాగ్రత్తపడాల్సింది బ్యాటరీ గురించి. వేడి, నిండా చార్జి రెండూ కలిస్తే అది త్వరగా ఉబ్బుతుంది. లాప్‌టాప్ కంపెనీ యాప్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే ఇవాళే పెట్టేయండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు అనిపించినా, మూత సరిగా మూసుకోకపోయినా వాడకం ఆపి సర్వీస్‌కు ఇవ్వండి.

వేడి తగ్గించడానికి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ను 100 నుంచి 99కి మార్చండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది కానీ, దాంతో టర్బో మొత్తం ఆగిపోతుంది. వేడి బాగా దిగుతుంది. ఆఫీసు పనికి ఇది సరిపోతుంది, ప్రాసెసర్ మీద భారం వేసే గేమ్‌లు మాత్రం నెమ్మదిస్తాయి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ వరుస కనిపించదు. అప్పుడు కంపెనీ యాప్‌లోనే సైలెంట్ మోడ్ పెట్టుకోవాలి. పరుపు మీద వాడకండి, వెనకవైపు కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తినా అడుగు నుంచి గాలి అందుతుంది.