కనిగిరి వైపు సామాన్య కుటుంబం కరెంటు, నీళ్లు సొంతంగా సమకూర్చుకోగలదా?

కరెంటు కనెక్షన్ పూర్తిగా వదులుకోవడం ఇప్పటికీ తలకు మించిన భారమే, ఎందుకంటే సోలార్ పలకల ధర దిగివచ్చినా, రాత్రి వాడకానికి కావలసిన బ్యాటరీలను కొన్నేళ్లకొకసారి మార్చక తప్పదు. కనెక్షన్ ఉంచుకుని డాబాపై పలకలు పెట్టుకోవడం మాత్రం అందుబాటులోనే ఉంది: 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60,000 రూపాయల రాయితీ వస్తుంది. అయితే బ్యాటరీ లేని ఈ ఏర్పాటు, తీగలు బాగుచేసే లైన్‌మన్‌కు పలకల కరెంటు తగలకుండా, సరఫరా పోగానే పగలైనా ఆగిపోతుంది.

బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఈ ప్రాంతంలో అంతకంటే ముందు కట్టుకోవలసింది వాననీటి తొట్టి అని నా గట్టి అభిప్రాయం. వెయ్యి చదరపు అడుగుల డాబాపై ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 900 లీటర్లు వస్తాయి. తొలివాన నీటిని బయటికి వదిలేసి, మిగిలినదాన్ని వడగట్టి నిల్వచేసుకుని, కాచి తాగవచ్చు. వర్షాలు ఏడాదిలో కొన్ని నెలలే పడతాయి కనుక తొట్టి పెద్దదే కావాలి, ఖర్చంతా అక్కడే.