70 వేలతో మొదటి మిర్రర్‌లెస్: లెన్స్‌కి ఎంత మిగులుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడుగుతున్నాయి, ఉన్న డబ్బులో ఏ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరహా కెమెరా) కొనాలి అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే సార్. మాకు రెండేళ్ల పాప. రాత్రి పూట ఇంట్లో ఫోన్‌తో తీస్తే అంతా మసకగా వస్తోంది, పాప కాస్త కదిలిందంటే మొహం చెదిరిపోతోంది. చీటీ డబ్బులు 70 వేలు వచ్చాయి, అంతకు మించి పెట్టలేను. షాపులో కెనాన్ ఆర్50 రెండు లెన్సుల కిట్ తీసుకోమంటున్నారు, దగ్గరకీ దూరానికీ రెండూ ఉంటాయి, మళ్లీ ఏమీ కొనక్కర్లేదట. ఒక స్నేహితుడేమో నికాన్ జెడ్30 అంటాడు, ఇంకొకతను ఆర్100 చాలంటాడు. టెన్షన్‌గా ఉంది, ఏది తీసుకోను? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఏ మోడల్ అన్నది కాసేపు పక్కన పెట్టి మీ ఉత్తరంలో మీరే రాసిన రెండు మాటలు చూడండి: ‘రాత్రి పూట’, ‘కదిలిందంటే’. మీరు ఏం కొనాలో ఆ రెండూ చెప్పేస్తున్నాయి. ఆడుకుంటున్న పాప మొహం చెదరకుండా రావాలంటే షటర్ తెరిచి ఉండే సమయం, అంటే షటర్ స్పీడ్, సెకనులో 200వ వంతు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండాలి, ట్యూబ్‌లైట్ వెలుతురులో ఆ స్పీడ్ పెట్టాలంటే లెన్స్ లోపలికి బోలెడు వెలుతురు రావాలి. ఆర్50తో ఇచ్చే 18-45 కిట్ లెన్స్‌ని చివరిదాకా జూమ్ చేశారనుకోండి, దాని అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నం, ఎఫ్6.3 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది). అదే కంపెనీ 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ దానికి దాదాపు 12 రెట్ల వెలుతురు లోపలికి పంపుతుంది. అంటే కిట్ లెన్స్‌తో ఐఎస్ఓని (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయిని) 12800 దాకా పెంచి, మొహమంతా గింజలు గింజలుగా వచ్చే ఫొటోని ఈ లెన్స్‌తో ఐఎస్ఓ 1000 దగ్గరే శుభ్రంగా తీయొచ్చు. కెమెరా అదే, గది అదే, పాప అదే.

ఇప్పుడు షాపువాళ్లు చెప్పిన రెండో లెన్స్, 55-210. దాని అపర్చర్ ఎఫ్5 దగ్గర మొదలై ఎఫ్7.1 దాకా పోతుంది, కిట్ లెన్స్ కన్నా అది ఇంకా చీకటి లెన్స్. పగటి పూట మైదానంలో బాగుంటుంది గానీ మీ హాల్లో దానితో పనిలేదు. దాని డబ్బు మిగిల్చండి, దయచేసి. కొత్తగా కొనేవాళ్లలో చాలామంది ఈ రెండో లెన్స్‌ని నాలుగుసార్లు వాడి బీరువాలో పెట్టడం ఏళ్లుగా చూస్తున్నాను, ఆ డబ్బుతో ఈ 50 ఎంఎం లాంటి మంచి ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని లెన్స్) వచ్చేదని తర్వాత తెలిసి బాధపడతారు.

‘స్టెబిలైజేషన్ ఉంది కాబట్టి చీకట్లో కూడా వచ్చేస్తుంది’ అని కూడా చెప్తారు. అది ఆపేది మీ చేతి వణుకుని. పాప పరుగుని ఆపదు.

బాడీ, అంటే లెన్స్ కాకుండా ఉత్త కెమెరా సంగతికొస్తే నేనైతే ఆర్50 ఒక్క లెన్స్ కిట్‌తో తీసుకుంటాను. 2023లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెల్, కళ్లని వెతికి పట్టుకుని ఫోకస్ వదలకుండా ఉంటుంది, రెండేళ్ల పిల్లలకి అంతకన్నా కావాల్సింది లేదు. స్క్రీన్ బయటికి తిరుగుతుంది కాబట్టి కెమెరాని నేల దగ్గర పెట్టి పాప కళ్ల ఎత్తునుంచి తీయొచ్చు, ఈ ఒక్క అలవాటుతో ఇంటి ఫొటోలు ఎంత మారిపోతాయో మీరే చూస్తారు. ఆర్100 కూడా అదే ఏడాది వచ్చింది, ఫొటో నాణ్యతలో పెద్ద తేడా లేదు, కానీ స్క్రీన్ కదలదు, టచ్ కూడా లేదు. ఆర్50 తీసుకుంటే లెన్స్‌కి ఒక్క రూపాయి కూడా మిగలదు అనే పరిస్థితి వస్తే మాత్రం ఆర్100 తీసుకుని 50 ఎంఎంకి డబ్బు ఉంచుకోండి, ఉత్త ఆర్50 కన్నా మీ అవసరానికి ఆ జోడీయే మంచి ఫొటోలిస్తుంది. జెడ్30 కూడా చక్కటి కెమెరానే, దానికి నికాన్ 24 ఎంఎం ఎఫ్1.7 బాగా కుదురుతుంది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, అంతే, మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్ చూసి తీయడం కష్టం. మూడూ షాపులో చేత్తో పట్టుకుని చూడండి, మీ చూపుడు వేలు ఎక్కడ సుఖంగా ఆగుతుందో చూసుకోండి. చేతికి ఇబ్బందిగా ఉన్న కెమెరా ఇంట్లోనే ఉండిపోతుంది.

ప్రైమ్ లెన్స్ మొదటి రోజే కొనొద్దు. ఈ కెనాన్ కెమెరాల్లో ఫొటో పడే సెన్సర్ చిన్నది, దాని మీద 50 ఎంఎం అంటే పెద్ద సెన్సర్ మీద 80 ఎంఎం ఇచ్చేంత దగ్గరి చూపు, మొహాలకి అద్భుతంగా ఉంటుంది కానీ చిన్న గదిలో పాప మొత్తం పట్టాలంటే బాగా వెనక్కి జరగాలి. అందుకని కిట్ లెన్స్‌తో రెండు నెలలు తీయండి, తర్వాత నచ్చిన ఫొటోలన్నీ కంప్యూటర్‌లో తెరిచి ఏ ఫోకల్ లెంగ్త్‌లో, అంటే ఎన్ని ఎంఎం దగ్గర జూమ్ పెట్టి తీశారో చూడండి, ప్రతి ఫైల్‌లోనూ ఆ అంకె ఉంటుంది. 40, 45 దగ్గర ఎక్కువ ఉంటే కళ్లు మూసుకుని 50 కొనండి. 25, 30 దగ్గర ఉంటే సిగ్మా 30 ఎంఎం ఎఫ్1.4 లాంటిది చూడండి, సిగ్మా వాళ్లు కెనాన్ ఆర్ సిరీస్ కెమెరాల ఆర్ఎఫ్ మౌంట్‌కి (కెమెరాకి లెన్స్ తగిలే అమరికకి) 2024 నుంచి లెన్సులు ఇస్తున్నారు. ఈ లోపల పొద్దున్నే కిటికీ పక్కన కూర్చోబెట్టి తీయండి, ఆ వెలుతురుకి డబ్బు కట్టక్కర్లేదు. వీ30 (వీడియోకి సరిపడే వేగానికి గుర్తు) అని రాసి ఉన్న 64 జీబీ మెమరీ కార్డు ఒకటి, అదనపు బ్యాటరీ ఒకటి లెక్కలో వేసుకోండి. ఇంకో మోడల్ వస్తుందని మాత్రం ఆగకండి, పాపకి రెండేళ్ల వయసు మళ్లీ రాదు.

ప్రశ్న: అన్నా, నా దగ్గర కెనాన్ 1500డి, 18-55, 50 ఎంఎం ఎస్‌టీఎం ఉన్నాయి. బంధువుల పెళ్లిళ్లకి, బారసాలలకి తీస్తుంటాను. అందరూ మిర్రర్‌లెస్‌కి మారిపోతున్నారు, నేను వెనకబడిపోతానా? మారితే ఈ లెన్సులు అమ్మేయాలా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: లెన్సులు అమ్మకండి తమ్ముడూ. కెనాన్ ఇచ్చే ఈఎఫ్–ఆర్ అడాప్టర్ పెడితే మీ రెండు లెన్సులూ ఆర్ సిరీస్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పూర్తిగా పనిచేస్తాయి.

మారాలా వద్దా అన్నది ఫొటోలు చూసి తేల్చుకోండి, పక్కవాళ్లని చూసి కాదు. ఎఫ్1.8లో తీసిన ఓ 50 ఫొటోలు తెరిచి కళ్ల దగ్గర పెద్దవి చేసి చూడండి. కన్ను బదులు చెవి షార్ప్‌గా వచ్చినవి చాలా ఉన్నాయా? 1500డిలో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, పైగా మీ 1500డి లాంటి, అద్దం ఉన్న డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్ లోంచి తీసేటప్పుడు అద్దం కిందున్న వేరే సెన్సర్ ఫోకస్ కొలుస్తుంది, ఫొటో పడేది ఇంకో సెన్సర్ మీద, ఈ రెంటి మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ ముందుకో వెనక్కో పోతుంది. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు కాబట్టి ఫొటో పడే సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది, అందుకే మీ పాత 50 ఎంఎం కూడా అక్కడ కొత్త లెన్స్‌లా పనిచేస్తుంది. మీ బాధ ఇదే అయితే మారండి, బాడీ ఒక్కటే కొని అడాప్టర్ తగిలించుకోండి.

అలా కాకుండా రిసెప్షన్ హాల్లో మొహాలు నల్లగా వస్తున్నాయి అన్నదే మీ బాధయితే ముందు ఒక ఫ్లాష్ కొని తెల్లటి సీలింగ్ వైపు తిప్పి తీయడం నేర్చుకోండి. కెమెరా మార్చే ఖర్చులో చిన్న భాగంతో పని జరిగిపోతుంది. ఒక్క జాగ్రత్త, కెనాన్ చిన్న మోడళ్లలో కొన్నిటికి ఫ్లాష్ తగిలించే చోట మధ్య పిన్ ఉండదు, బయటి కంపెనీల ఫ్లాష్‌లు కొన్ని వాటి మీద వెలగవు. మీ కెమెరా షాపుకి తీసుకెళ్లి, పెట్టి, వెలిగించి చూశాకే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: సార్, బీటెక్ చదువుతున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ ఎం50 చాలా చవగ్గా వస్తోంది. ముందు ముందు పెళ్లిళ్లకి తీయాలని ఉంది. తీసుకోవచ్చా? – ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: పెళ్లిళ్ల ఆలోచన ఉంటే వద్దు. కెమెరా చెడ్డది కాదు, కానీ దాని ఈఎఫ్-ఎం మౌంట్‌ని కెనాన్ 2023లో ఆపేసింది. ఈ మౌంట్ లెన్సులు ఆర్ కెమెరాలకి పట్టవు, అడాప్టర్ కూడా లేదు. రేపు పెద్ద కెమెరాకి వెళ్లిన రోజు ఈ లెన్సులన్నీ మళ్లీ మొదటినుంచి కొనాలి. అంత చవగ్గా వస్తున్నది అందుకే.

అదే డబ్బుకి సోనీ ఏ6000 వెతుకు. 2014 మోడలే అయినా ఈ-మౌంట్ ఇవాళ్టికీ నడుస్తోంది, సోనీ ఆ మౌంట్ వివరాలు 2011లోనే మిగతా లెన్స్ కంపెనీలకి ఇచ్చింది కాబట్టి చవకైన లెన్సులు అన్నిటికన్నా ఎక్కువ దొరికేది దానికే. హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు షాపులు తిరుగు. లెన్స్‌ని వెలుతురు కేసి పెట్టి లోపల సాలెగూడు లాంటి పోగులు ఉన్నాయేమో చూడు, ఉంటే ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. ఎఫ్16 పెట్టి తెల్లగోడని ఫొటో తీసి మచ్చలు చూడు, పది పదిహేను నిమిషాలు వీడియో నడిపి చూడు, ప్రతి మీటా నొక్కు. బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు, కెమెరా కింద ఉన్న నంబరు ఒకటే కావాలి. బిల్లు లేదంటే బేరం ఆపెయ్.

ప్రశ్న: నమస్తే అండీ. వంటల వీడియోలు తీస్తాను, ఇప్పటిదాకా ఫోన్‌తోనే. సంక్రాంతికి మా తమ్ముడు డాలస్ నుంచి వస్తూ సోనీ జెడ్‌వీ-ఈ10 తెస్తానంటున్నాడు. అక్కడ కొంటే మంచిదేనా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ పనికి ఆ కెమెరా సరైనదే అమ్మా. కానీ అక్కడి ధరని డాలర్ లెక్కలో చూసి ఆగిపోకండి, డాలస్‌లో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది, కస్టమ్స్ సంగతి తమ్ముణ్ణి బయలుదేరే ముందే కనుక్కోమనండి. అన్నిటికన్నా ముఖ్యం వారంటీ, కెమెరాలకి అది మామూలుగా కొన్న దేశానికే ఉంటుంది, ఇక్కడ చెడిపోతే మీరే కట్టుకోవాలి. ఇవన్నీ లెక్కేశాక ఐదారు వేలే తేడా అయితే ఇక్కడే బిల్లుతో కొనండి.

అక్కడిదే తీసుకుంటే ఒక పని మరిచిపోవద్దు. అమెరికా కెమెరా ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి వీడియో పద్ధతిలో ఉంటుంది, అంటే సెకనుకి 30 ఫ్రేములు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వంటింటి లైట్ల కింద వీడియోలో చారలు, మిణుకులు వస్తాయి. మెనూలో PAL అనే మన వీడియో పద్ధతికి మార్చి 25 ఫ్రేములు, షటర్ సెకనులో 50వ వంతు పెట్టండి, మిణుకులు పోతాయి. మార్చాక కార్డు ఫార్మాట్ చేయమని అడగొచ్చు, అందుకని ఖాళీ కార్డుతో మొదలుపెట్టండి.

లెన్స్ విషయంలో తెనాలి పాఠకుడికి చెప్పింది మీకు వర్తించదు. మూకుడు ఎక్కడికీ పరిగెత్తదు, పైగా వెలుతురు మీ చేతిలో ఉంది. 16-50 కిట్ లెన్స్ చాలు. మిగిలిన డబ్బు ఒక మంచి ఎల్ఈడీ లైటుకి, ఒక మైకుకి పెట్టండి. పోపు చిటపటలు చక్కగా వినపడితే చూసేవాళ్లు వీడియో వదిలి వెళ్లరు.

ప్రశ్న: రిటైరయ్యాను. ఉప్పలపాడు దగ్గరే ఉంటాను, పక్షుల్ని తీయాలని కోరిక. ప్రైమ్ లెన్స్ కొనాలా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు మాత్రం రెండు లెన్సుల కిట్టే తీసుకోండి సార్. ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఊరికి ఆనుకునే ఉంటాయి, వేలకు వేలు పోసి పెద్ద లెన్స్ కొనక్కర్లేదు. నికాన్ జెడ్50తో వచ్చే 50-250 లెన్స్ మీకు 375 ఎంఎం చూపు ఇస్తుంది, తేలిక కూడా, భుజం నొప్పి పుట్టదు. జెడ్30 వద్దు, పొడవు లెన్స్‌ని కంటికి ఆనించి పట్టుకోవడానికి వ్యూఫైండర్ కావాలి. పొద్దున ఆరున్నర, ఏడు మధ్య వెళ్లండి, ఎగిరే పక్షికి షటర్ సెకనులో 1000వ వంతు కన్నా నెమ్మది కాకుండా చూసుకోండి.

ఇంటికి రాగానే కెమెరాని బట్ట సంచీలో వదిలేయకండి. కాకినాడలో ఉన్న రోజుల్లో ఒక వానాకాలం అలా వదిలేసి నా మొదటి 50 ఎంఎం లెన్స్‌ని ఫంగస్‌కి పోగొట్టుకున్నాను, ఇప్పటికీ గుర్తొస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో నీలం రంగు సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టండి. అవి గులాబీ రంగుకి తిరిగితే తేమ పట్టినట్టు, మార్చండి. మనవలకి అందకుండా మాత్రం పెట్టుకోండి.