బోరు మోటారు ఎత్తే గొలుసును యాసిడ్‌లో వేయకండి

మీ దగ్గర రెండు రకాల గొలుసులు ఉన్నాయని రాశారు: బోరు మోటారు పైకి లాగే చైన్ బ్లాక్ (చేత్తో గొలుసు లాగి బరువులెత్తే పరికరం) గొలుసు ఒకటి, ఎనుములను కట్టేసే గొలుసులు కొన్ని. అన్నీ వానకు నాని తుప్పు పట్టాయి, బాత్‌రూమ్ యాసిడ్‌లో ముంచి తీయొచ్చా అని అడిగారు. నేను తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను, రోజూ బరువులెత్తే గొలుసులతోనే మా పని. ఎనుముల గొలుసుకు నిమ్మ ఉప్పు వాడుకోవచ్చు. చైన్ బ్లాక్ గొలుసుకు మాత్రం బాత్‌రూమ్ యాసిడ్ కాదు కదా, నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా తగలనివ్వకండి. అవీ యాసిడ్లే.

బరువెత్తే గొలుసును గట్టిపరిచిన ఉక్కుతో చేస్తారు. యాసిడ్ ఇనుముతో కలిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అందులో కొంత ఉక్కు లోపలికి దూరి దాన్ని పెళుసుగా చేస్తుంది. పైకి గొలుసు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. సాగడం, వంగడం లాంటి సూచన ఏమీ లేకుండా, మోటారు సగం పైకి వచ్చాక పుటుక్కున తెగొచ్చు. బోరు దగ్గర కేసింగ్ మీదికి వంగి పైపు పట్టుకునే మనిషి ఎప్పుడూ ఒకరుంటారు. నా భయమంతా ఆ మనిషి గురించే. గ్యాస్ మంటతో తుప్పు కాల్చేయమని చెప్పేవాళ్ళూ ఉంటారు, అదీ వద్దు. గ్రేడ్ 80 గొలుసు, అంటే బరువులెత్తడానికి చేసే గట్టి రకం, 400 డిగ్రీలు దాటి వేడెక్కితే ఇక బరువెత్తడానికి పనికిరాదు. గ్యాస్ మంటకు ఆ వేడి క్షణాల్లో వస్తుంది.

మరి ఏం చేయాలంటే, గొలుసును ఒక రేకు ట్రేలో పరిచి డీజిల్ పోసి రాత్రంతా నాననివ్వండి. దగ్గర్లో బీడీ, పొయ్యి లేకుండా చూసుకోండి. పొద్దున వైర్ బ్రష్‌తో రుద్ది, పాత గుడ్డతో తుడిచి ఎండలో వేయండి. ఆ తర్వాత చేసేదే అసలు పని. గొలుసును వెలుతురులో పెట్టి ఒక్కో లింకునూ తిప్పి చూడాలి. అరుగుదల బయటివైపు కనపడదు, లింకు లింకును ఆనుకునే లోపలి వంపులో ఉంటుంది. గొలుసును వదులు చేసి అక్కడ వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవండి. 8 ఎం.ఎం. మందం ఉన్న లింకు కడ్డీ 7.2 కంటే తగ్గితే, అంటే పదో వంతు అరిగితే, ఆ గొలుసు తీసేయాల్సిందే. పగులు, లోతు గుంటలు, వంగిన లింకు, ఏది కనపడినా అంతే. తెగిన చోట వెల్డింగ్ పెట్టించి మళ్ళీ బరువెత్తకండి.

శుభ్రం చేశాక 90 నంబర్ గేర్ ఆయిల్ బ్రష్‌తో పలుచగా రాసి, పైన మిగిలింది తుడిచేయండి. మందంగా గ్రీజు పూస్తే తుప్పు రాదని చాలామంది అనుకుంటారు. మన అనంతపురం దుమ్ములో ఆ గ్రీజుకు ఇసుక అంటుకుని లింకుల మధ్య సానరాయిలా అరగదీస్తుంది. మా దగ్గర రాతి పొడి వల్ల ఈ బాధ ఇంకా ఎక్కువ. ఇంకో జాగ్రత్త: నూనె గొలుసుకే రాయాలి, చైన్ బ్లాక్ పైనుంచి పోయకూడదు. లోపలి బ్రేకు బిళ్ళలకు నూనె తగిలితే ఎత్తిన బరువు నిలవకుండా జారుతుంది. రంగు కూడా వేయకండి, పగులు కనపడకుండా పోతుంది.

ఎనుముల గొలుసులు మామూలు ఇనుమువైతే లీటరు నీళ్ళకు 50 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కలిపి ప్లాస్టిక్ బకెట్‌లో రాత్రంతా ఉంచండి. తెల్లారి రుద్ది కడిగి, వంట సోడా కలిపిన నీళ్ళలో ఒకసారి ముంచి, వెంటనే ఎండలో ఆరబెట్టాలి. తడిగా వదిలేస్తే మధ్యాహ్నానికే మళ్ళీ ఎర్రబడతాయి. బాత్‌రూమ్ యాసిడ్ వీటికి కూడా నేను వాడను. దాని ఆవిరికి అదే షెడ్డులో ఉన్న పానాలు, కొడవళ్ళు కూడా తుప్పెక్కుతాయి. లారీ కట్టు గొలుసుల్లా కుప్పగా ఉంటే మేం కాంక్రీటు కలిపే మిల్లర్‌లో పొడి ఇసుక, బండ ముక్కలతో కలిపి తిప్పుతాం. ఒకదానికొకటి రాసుకుని తుప్పు రాలిపోతుంది.

ఎనుముల గొలుసుకు ఆముదం రాయండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ వద్దు, పశువు గొలుసును నాకుతుంది, ఆ మడ్డి దాని కడుపులోకి పోతుంది. గొలుసును రాత్రిళ్ళు పశువుల మూత్రం పడే చోట వదలకుండా మేకుకు తగిలించండి. ఎరువుల బస్తాలున్న గదిలో ఏ గొలుసూ పెట్టకండి. పొటాష్ కూడా ఒక రకం ఉప్పే, గాలిలో తేమ ఉన్నప్పుడు దాని పక్కన ఇనుము ఎక్కువ కాలం నిలవదు.

మీ గొలుసులు జి.ఐ. రకం అయితే, అంటే తెల్లగా జింకు పూత ఉన్నవైతే, వాటికి నిమ్మ ఉప్పు కూడా వద్దు, పూత కరిగిపోతుంది. సబ్బు నీళ్ళు, బ్రష్ చాలు. చైన్ బ్లాక్ గొలుసు లింకుల మీద 8 అనో, 80 అనో, టి అనో గుర్తు చెక్కి ఉందేమో చూసి ఇక్కడే రాయండి. ఏ గుర్తూ లేకపోతే దాంతో మోటారు ఎత్తకండి, వేరే గొలుసు తెప్పించుకోండి.