డిగ్రీ లేని మా అబ్బాయి ఓపెన్‌సోర్స్ సదస్సులో మాట్లాడొచ్చా?

ప్రశ్న: మాది మలక్‌పేట. మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాదిలో ఉండగా వాళ్ల నాన్నగారి ఆరోగ్యం దెబ్బతింది. చదువు ఆపేసి ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల షాపులో డీటీపీ పనికి చేరాడు. రాత్రిళ్లు కూర్చుని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలో తెలుగు సరిగ్గా రాని చోట్లు వెతికి, ఆ తయారుచేసేవాళ్లకు రాస్తుంటాడు. కొన్ని వాడే సరిచేశాడట. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో జరిగే ఓపెన్‌సోర్స్ సదస్సుకు ప్రసంగం పంపబోతే ఫారంలో విద్యాసంస్థ, విభాగం, గైడ్ పేరు అడిగారు. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదల్లేదు. అప్పటినుంచి ‘అవన్నీ మనలాంటి వాళ్లకి కాదులే అమ్మా’ అంటున్నాడు. ముందు డిగ్రీ పూర్తి చేయమనాలా? ఈ సదస్సుల వల్ల వాడి బతుకుతెరువుకు ఏమైనా ఉపయోగం ఉందా? వాడు రాసుకున్న ప్రసంగం సారాంశం కూడా జతచేస్తున్నాను.

జవాబు: అమ్మా, మాట్లాడొచ్చు. మాట్లాడాలి కూడా. తప్పు మీ అబ్బాయిలో లేదు, ఆ ఫారంలో ఉంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఓపెన్‌సోర్స్ అన్నా దాదాపు ఇదే) లైసెన్సు ఎవరినీ నువ్వేం చదివావని అడగదు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చొచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచొచ్చు. ఈ నాలుగు హక్కుల మీదే ఈ ఉద్యమమంతా నిలబడింది. అలా తయారైన సాఫ్ట్‌వేర్ గురించి సదస్సు పెట్టి, గుమ్మం దగ్గర కాలేజీ గుర్తింపు కార్డు అడగడం నాకు ఏ కోశానా సమంజసంగా అనిపించదు.

మీరు జతచేసిన సారాంశం రెండుసార్లు చదివాను. మొదటి మూడు వాక్యాలూ నేటి సమాజంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాముఖ్యత గురించి. అవి ఎవరైనా రాస్తారు. నాలుగో వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పెళ్లివారు కార్డు మేటర్‌ను వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులో, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక పద్ధతిలో, పంపుతారు. షాపులో వాడేవేమో అను ఫాంట్లు, అవి యూనికోడ్ కావు. అందుకని మేటరంతా మళ్లీ టైపు చేయాల్సిందే. అలా చేయడంలో వధువు పేరో, గోత్రమో, ముహూర్తమో తప్పుపడితే ఆ ప్రింటు ఖర్చు షాపు మీద పడుతుంది. పాత కార్డు మేటర్‌ను తిరిగి వాట్సాప్‌లో పెడితే తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాల ముద్ద వస్తుంది. ఈ బాధ తప్పించడానికి మీవాడు ఒక స్వేచ్ఛా డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ ఫాంటుతో కార్డు వేసి చూశాడు. ‘జ్యోత్స్న’ అనే పేరు దగ్గర చిక్కుకున్నాడు. త కింద స ఒత్తు, దాని పక్కన న ఒత్తు ఇమడక కింది వరసలో ఉన్న తండ్రి పేరు మీదికి దిగిపోయాయి. ఇలాంటి పేర్లు పోగుచేసి, స్క్రీన్‌షాట్లు తీసి, ఏ ఫాంటులో ఎలా వస్తోందో రాసి పంపాడు.

ఇది చిన్న పనేం కాదు. అక్షరాలను ఒత్తులతో, గుణింతాలతో కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భాగం ఒకటుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నిట్లోనూ అదే ఉంది. అలాంటి చోటో, ఒక మంచి ఫాంటులోనో తెలుగు తప్పు ఒక్కటి దిద్దితే ఆ మేలు కోట్లమంది ఫోన్ల దాకా పోతుంది. రోజూ వందల పేర్లు టైపు చేసే మనిషికి ఎదురయ్యేన్ని ఒత్తుల చిక్కులు ప్రయోగశాలలో కూర్చున్నవాళ్లకు ఎదురుకావు. మీ అబ్బాయి దగ్గరున్నది ఆ అనుభవం. అతన్ని పిలవకపోతే నష్టపోయేది సదస్సే.

కాలేజీల వైపు మాట కూడా చెప్పాలి. వాళ్లు ఆ గడులు ఊరికే పెట్టరు. పరిశోధనా పత్రాలు అచ్చువేసే సదస్సుల్లో పత్రం కింద రచయిత సంస్థ పేరు వేయడం ఆనవాయితీ. అధ్యాపకులకు ప్రమోషన్లకూ, కాలేజీకి గుర్తింపుకూ ఆ పత్రాలు లెక్కకొస్తాయి. పత్రాన్ని ఇద్దరు ముగ్గురు నిపుణులు పరీక్షించడం కూడా మంచి పద్ధతే, దాన్ని సడలించమని నేను అడగను. కానీ పరిశోధనా పత్రానికి పెట్టిన గేటులోంచే అనుభవం చెప్పడానికి వచ్చినవాణ్ని కూడా రమ్మంటే ఎలా? మ్యాపుల సాఫ్ట్‌వేర్ల మీద అంతర్జాతీయంగా జరిగే ఫాస్‌ఫోర్‌జీ సదస్సు దీనికి చక్కని దారి చూపింది. అక్కడ పత్రాలకు అకడమిక్ ట్రాక్ వేరు, వాడేవాళ్లూ తయారుచేసేవాళ్లూ మాట్లాడే జనరల్ ట్రాక్ వేరు. మన కాలేజీలూ ఆ పని చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎవరు మాట్లాడుతున్నారన్న దగ్గర తలుపు బార్లా తెరవాలి. ఏం మాట్లాడుతున్నారన్న దగ్గర మాత్రం ఎంత గట్టిగా అడిగినా తప్పులేదు. మొదటి వడపోతలో పేరూ సంస్థా కనపడకుండా సారాంశం ఒక్కటే చదివితే ఇంకా మంచిది.

ఫీజు సంగతి కూడా చూడండి. చాలా సదస్సుల్లో విద్యార్థికి ఒక రేటు, అధ్యాపకుడికి ఒక రేటు, ‘ఇండస్ట్రీ’కి అన్నిటికంటే పెద్ద రేటు. ఛత్తాబజార్‌లో జీతానికి పనిచేసే కుర్రాడు ఈ పట్టికలో ఎక్కడికొస్తాడు? విద్యార్థి కాదు కాబట్టి పెద్ద కంపెనీ మేనేజరు కట్టే ఫీజు కట్టమంటారు. నోటితో రావద్దని ఎవరూ అనరు, కానీ ఆ పట్టిక చెప్పేది అదే. పనిరోజుల్లో పెట్టే సదస్సులూ అంతే. కాలేజీవాళ్లకు ఓడీ (ఆన్ డ్యూటీ హాజరు) దొరుకుతుంది, రోజు జీతం పోయేది ఇతనికే.

ఇంతకీ అన్ని చోట్లా ఇలా లేదు, మీ అబ్బాయికి ఈ సంగతి గట్టిగా చెప్పండి. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఫాస్‌డెమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సదస్సు యూనివర్సిటీ ప్రాంగణంలోనే జరుగుతుంది. అయినా టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, నేరుగా నడిచి లోపలికి వెళ్లడమే. ప్రసంగాల వీడియోలన్నీ ఉచితంగా చూడొచ్చు. డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే ప్రాజెక్టు 2010లో ఓటింగ్ పెట్టి మరీ, కోడ్ ప్యాకేజీలు చేయకపోయినా అనువాదాలు, డాక్యుమెంటేషన్ లాంటి పనులు చేసేవాళ్లను పూర్తి సభ్యులుగా ఆహ్వానించాలని తీర్మానించింది. వాళ్ల వార్షిక సదస్సు డెబ్‌కాన్ఫ్ 2023లో మన కొచ్చిలో జరిగింది. ప్రవేశానికి ఫీజు లేదు, ఖర్చు పెట్టుకోలేని కంట్రిబ్యూటర్లు (ఆ పనిలో చేయి కలిపేవాళ్లు) తిండికీ బసకూ ప్రయాణానికీ సాయం అడగొచ్చు. అదే ఏడాది ఏప్రిల్‌లో వికీకాన్ఫరెన్స్ ఇండియా మన హైదరాబాద్‌లోనే జరిగింది. వికీపీడియాలో రాసేవాళ్లను ఎవరు డిగ్రీ అడిగారు? కొత్తవాళ్లతో ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచీ విద్యార్థులకే పరిమితమై ఉండేది. 2022 నుంచి ఆ నిబంధన తీసేశారు. పద్దెనిమిదేళ్లు నిండి, ఓపెన్‌సోర్స్‌కు కొత్తయితే, కాలేజీలో లేకపోయినా దరఖాస్తు చేయొచ్చు. అందులో స్టైపెండ్ వస్తుంది. కాకపోతే కోడ్ రాయగలగాలి, అది అతను ఇప్పటినుంచే నేర్చుకోవాలి.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ముందుగా ఆ కాలేజీ సదస్సు నిర్వాహకులకు ఇలా మెయిల్ రాయమనండి: ‘నేను ఏ విద్యాసంస్థకూ చెందను, స్వతంత్ర కంట్రిబ్యూటర్‌ని. మీ ఫారంలో సంస్థ పేరు తప్పనిసరి కావడంతో నా ప్రతిపాదన పంపలేకపోయాను. నేను చేసిన పని లింకులు కింద ఉన్నాయి. ఎలా పంపాలో దయచేసి తెలపండి.’ బతిమాలే ధోరణి వద్దు, కోపమూ వద్దు. చాలాసార్లు ఫారం తయారుచేసినవాళ్లకు ఇలాంటి మనిషి ఒకడుంటాడన్న ఆలోచనే తట్టి ఉండదు, చెబితే సర్దుతారు. ఏదో ఒక కాలేజీ పేరు పెట్టేయమని, తెలిసిన లెక్చరర్‌ను గైడ్‌గా చూపమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినొద్దు. తన పనిని తన పేరు మీదే నిలబెట్టాలి.

సారాంశంలో మొదటి మూడు వాక్యాలు కొట్టేసి ‘జ్యోత్స్న’తో మొదలుపెట్టమనండి. సమస్య ఏమిటి, ఎన్ని పేర్లలో కనిపించింది, ఎక్కడ నివేదించాడు, ఏది సరయింది, ఏది ఇంకా సరికాలేదు, ఇంతే చాలు. తెలుగులో మాట్లాడొచ్చా అని కూడా అడగమనండి. హైదరాబాద్‌లో జరిగే సదస్సులో తెలుగు అక్షరాల గురించి తెలుగులో చెప్పడానికి మొహమాటం ఎందుకు?

తొలిసారే పెద్ద వేదిక అక్కర్లేదు. స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్ల తరబడి మన నగరంలో తెలుగు కంప్యూటింగ్ మీద పనిచేస్తోంది. ఫాస్ యునైటెడ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ల స్థానిక సమావేశాలు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల హైదరాబాద్ బృందం సమావేశాలు ఉన్నాయి. అలాంటి చోట ఒకసారి వెనక కూర్చుని విని, తర్వాతిసారి అయిదు నిమిషాలు మాట్లాడితే బెరుకు పోతుంది. మీకు ఒక హెచ్చరిక: పంపిన రెండు రోజులకే ‘మీ పత్రం ఎంపికైంది, ఫీజు కట్టండి’ అని మెయిల్ వస్తే డబ్బు కట్టకండి. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒప్పుకున్నారంటే ఎవరూ చదవలేదని అర్థం. ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉండదు.

బతుకుతెరువు సంగతి. ఒక ప్రసంగంతో ఉద్యోగం రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. వచ్చేదల్లా ఇతని పనిని చూసిన మనుషుల పరిచయం. లోకలైజేషన్ (సాఫ్ట్‌వేర్‌ను స్థానిక భాషలోకి తేవడం), టెస్టింగ్, ఫాంట్ల తయారీ, టెక్నికల్ రైటింగ్ పనుల్లో మనుషుల్ని తీసుకునేటప్పుడు బహిరంగంగా కనిపించే పనికి విలువ ఉంటుంది. సరిదిద్దిన ప్రతి తప్పు లింకునూ తేదీతో సహా ఒక పేజీలో రాసి పెట్టుకోమనండి, అతని రెజ్యూమె అదే.

అయినా డిగ్రీ పూర్తి చేయమనే నా సలహా. సదస్సులో మాట్లాడే అర్హత కోసం మాత్రం కాదు. చాలా కంపెనీల్లో హెచ్ఆర్ తొలి వడపోతే డిగ్రీతో మొదలవుతుంది, ప్రభుత్వ పరీక్షల్లో చాలావాటికీ, పీజీకీ అది లేనిదే దారి లేదు. ఉద్యోగం మానకుండా చదవాలంటే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో మొదలైన దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన నగరంలోదే. పాత మార్కుల మెమోలు తీసుకెళ్లి, చదివినంతవరకు ఏ మేరకు లెక్కలోకి వస్తుందో స్టడీ సెంటర్‌లో అడగండి. ఈ రెంటిలో ఒకటి అయ్యాకే రెండోది అని మీరు షరతు పెట్టకండి. డిగ్రీ అయ్యేదాకా ప్రసంగం ఆపితే, ఈలోగా అతని ఉత్సాహం చల్లారిపోతుందేమోనన్నదే నా భయం.

చివరగా, షాపు యజమానితో ఇప్పుడే మాట్లాడించండి. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల్లో పెళ్లికార్డుల పని ఊపిరాడనివ్వదు, అప్పుడు సెలవడిగితే దొరకదు. సదస్సు తేదీ తెలియగానే చెప్పి, ఆ రోజు పనిని ముందు వారంలోనే చేసి ఇస్తానని ఒప్పించాలి. యూనికోడ్‌తో మళ్లీ టైపు చేసే పని తప్పితే లాభపడేది ఆయన షాపేనన్న సంగతి కూడా చెప్పమనండి. ఆ రోజు జీతం కోయకపోవచ్చు.