సముద్రం సంగతులు: మంచు నీళ్లలో పీతల వేట

(ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజనీరుగా తిరిగి, ఇప్పుడు విశాఖలో ఉంటున్న రచయిత పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు.)

ప్రశ్న: మా ఆయన ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోటు మీద కలాసీగా చేస్తారు. మా అబ్బాయికి ఇంటర్ అయింది. అలాస్కాలో పీతల బోటు మీద పని ఇప్పిస్తాననీ, మూడు నెలలకి పాతిక లక్షలు వస్తాయనీ, ముందు నాలుగు లక్షలు కట్టాలనీ ఒకాయన మా చుట్టూ తిరుగుతున్నాడు. మావాడు ఫోన్లో ఆ వీడియోలు చూసి పంపమని ఒకటే గొడవ. పుస్తెలతాడు తాకట్టు పెట్టి పంపమంటారా?
— ఒక తల్లి, సోంపేట మండలం

జవాబు: వద్దమ్మా. పుస్తెలతాడు మెడలోనే ఉండనివ్వండి.

అలాస్కా పీతల బోట్లు అమెరికా జెండా కింద నడిచేవి. కెప్టెన్ ఆ దేశ పౌరుడై తీరాలి. కలాసీల్లో కూడా నూటికి డెబ్బై ఐదుగురికి తగ్గకుండా పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో ఉండాలని అక్కడి చట్టం. మిగిలిన చోటుకైనా అక్కడ పని చేసే అనుమతి ఉండాల్సిందే. బోటు మొత్తం మీద ఉండేది ఆరేడుగురు. కెప్టెన్ తమ్ముడో, మేనల్లుడో, పోయినేడు చేసినవాడో వచ్చాక ఒక్క ఖాళీ మిగిలితే, దానికోసం కుర్రాళ్లు రేవులో బోటు బోటుకీ వెళ్లి అడుక్కుంటారు. సోంపేటలో ఏజెంటుని పెట్టుకుని మనిషిని వెతికే అవసరం వాళ్లకి లేదు. ఇక మన దేశంలో ఓడ ఉద్యోగాలకి మనుషుల్ని పంపేవాడికి డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ) ఇచ్చిన లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవాడైనా సరే, పని ఇప్పించినందుకు కుర్రాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆయన్ని లైసెన్సు నంబరు అడగండి. మళ్లీ మీ వీధిలోకి వస్తే నాకు రాయండి.

డబ్బు మాట పూర్తిగా అబద్ధం కాదు. మంచి ఏడాదిలో అక్కడి కలాసీ కొన్ని వారాల్లోనే పెద్ద మొత్తం ఇంటికి తీసుకెళ్లిన మాట నిజం. అయితే అది జీతం కాదమ్మా, వాటా. మీ ఆయన్ని అడగండి, మన విశాఖ మరబోట్ల మీద వాటా లెక్క ఎలా ఉంటుందో చెప్తారు. అక్కడా అంతే. పీతలు అమ్మాక డీజిలు, ఎర, తిండి ఖర్చులు తీసేసి, మిగిలిందాంట్లో కలాసీకి ఇంత శాతం. కొత్తవాడికి ఇంకా తక్కువ. పీతలు పడకపోతే నెల్లాళ్లు చలిలో చాకిరీ చేసి వట్టి చేతులతో దిగాలి.

ఇక ప్రమాదం సంగతి. 1998 జనవరిలో నేను థర్డ్ ఇంజనీరుని. అమెరికాలో కొలంబియా నది రేవులో గోధుమలు నింపుకుని జపాన్ పోతున్నాం. ఆ దారి అలాస్కాకి చెందిన అలూషియన్ దీవుల పక్కనుంచే. మా జనరేటరు ఒకటి మొరాయించి ఆ దీవుల్లో ఉన్న డచ్ హార్బర్ రేవులో ఆగాం. విడిభాగం విమానంలో రావాలి. ఆ ఊళ్లో విమానం దిగాలంటే గాలి దయ తలచాలి. అలా మూడు రోజులు.

మంచు పీతల (స్నో క్రాబ్) సీజను అప్పుడే మొదలవుతోంది. మన హార్బరు మరబోట్లకి రెండింతలున్న బోట్లు ఒక్కొక్కటే బయల్దేరుతున్నాయి. డెక్కు మీద ఇనుప బోన్లు మేడంత ఎత్తున పేర్చి గొలుసులు బిగించారు. ఒక్కో బోను దగ్గర దగ్గర ఏడడుగుల చదరం, ఖాళీగానే మూడు వందల కిలోల బరువు. లోపల హెర్రింగ్, కాడ్ చేపలు ఎరగా కట్టి, తాడుకి తేలే బంతులు తగిలించి నీళ్లలోకి తోస్తారు. ఒకట్రెండు రోజులాగి యంత్రంతో పైకి లాగుతారు. ఎర కట్టడానికి ఆ బోను లోపలికి దూరేది సాధారణంగా కొత్త కుర్రాడే. బోను కిందికి పోయేటప్పుడు తాడు చుట్ట సర్రున విప్పుకుంటుంది. అందులో కాలు పెట్టినవాడు బోనుతో పాటే అడుక్కి పోతాడు. రోజుకి పద్దెనిమిది, ఇరవై గంటల పని మీద నిద్ర లేని కాలు ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు?

ఆ రెండో రోజు లోపలికొస్తున్న బోటొకటి చూశాను. రైలింగు కడ్డీలు మంచు పట్టి నా తొడంత లావయ్యాయి. వీల్‌హౌస్ (బోటు నడిపే గది) అద్దాలు కనబడటం లేదు. కుర్రాళ్లు సుత్తులతో, బేస్‌బాల్ బ్యాట్లతో మంచు పగలగొట్టి సముద్రంలోకి తోస్తున్నారు. వీడియోల్లో కొండంత అల చూపించి భయపెడతారు కానీ, ఇంజనీరుగా నా భయం తుంపర్లంటేనే. గడ్డకట్టే గాలిలో ప్రతి తుంపరా పడ్డచోటే అతుక్కుని మంచవుతుంది, ఆ బరువంతా పైనే చేరుతుంది. తల మీద రెండు బిందెలతో నడుస్తున్న మనిషి మీద మూడోది, నాలుగోది పెడుతూ పోతే ఏమవుతుంది? సరిగ్గా అదే. బోటు ఒక పక్కకి ఒరిగితే వెంటనే లేవాలి. ఒరిగి, కాసేపు అలాగే ఆలోచిస్తున్నట్టు ఆగి, తర్వాత మెల్లగా లేచిందా, దాని పని అయిపోవస్తోందని గుర్తు. కొత్తవాడికి ఆ మెల్లగా ఊగడమే హాయిగా ఉంటుంది. నిద్ర కూడా పడుతుంది.

2017 ఫిబ్రవరిలో డెస్టినేషన్ అనే పీతల బోటు అలాస్కాలోని సెయింట్ జార్జ్ దీవి దగ్గర ఇలాగే పోయింది. ఆరుగురూ పోయారు. లెక్కల పుస్తకంలో రాసుకున్నదానికంటే ఆ బోన్ల అసలు బరువే ఎక్కువని విచారణలో తేలింది, దాని మీద మంచు. 2019 డిసెంబరు 31 రాత్రి స్కాండీస్ రోజ్ అనే ఇంకో పీతల బోటు మునిగింది. ఏడుగురిలో ఇద్దరు మిగిలారు.

మునుపటికంటే ఇప్పుడు నయమే. 1990లలో ఏడాదికి సగటున ఏడెనిమిది మంది ఆ వేటలో పోయేవాళ్లు. అప్పట్లో సీజను తెరిచారంటే పరుగుపందెమే. అందరికీ కలిపి ఒకటే పరిమితి, ఎవడు ముందు పడితే వాడివి. ఎర్ర రాజపీత (రెడ్ కింగ్ క్రాబ్) సీజను కొన్నేళ్లు నాలుగైదు రోజుల్లోనే అయిపోయేది. తుపానొచ్చినా ఎవడూ ఒడ్డున కూర్చోడు. 1999 నుంచి బోటు బయల్దేరకముందే కోస్ట్ గార్డు రేవులోనే బోన్ల లెక్క, రక్షణ సామాన్లు చూడటం మొదలుపెట్టింది. 2005లో ఎవరెన్ని పీతలు పట్టుకోవచ్చో ఎవరి వాటా వారికి ముందే పంచేశారు. గాలి తగ్గేదాకా ఆగినా వాటా ఎక్కడికీ పోదు. అయితే బోట్లు మూడో వంతుకి పడిపోయి, కలాసీ పనులూ తగ్గాయి. ఆ సంగతి ఏజెంటు చెప్పడుగా.

మీవాడికి సముద్రం మీద అంత మోజుంటే తిట్టకండి. డీజీ షిప్పింగ్ ఆమోదం ఉన్న కాలేజీలో జీపీ రేటింగ్ కోర్సు ఉంది, ఓడలో కలాసీ పనులు నేర్పేది, ఆరు నెలలు. ఇంటర్ మార్కుల జాబితాతో నాకు ఉత్తరం రాయమనండి.

ప్రశ్న: ఈత బాగా వస్తే ఆ సముద్రంలో పడ్డా బతకొచ్చా?
— తొమ్మిదో తరగతి విద్యార్థి, భీమిలి

జవాబు: నీ ఈత అక్కడ పనికిరాదు బాబూ. ఆ నీళ్లలో పడగానే ముందు ఊపిరి చిక్కక ఎగశ్వాస వస్తుంది. ఒక నిమిషం తలెత్తుకుని ఓర్చుకుంటే అది తగ్గుతుంది. ఆ తర్వాత చేతులు నీ మాట వినేది సుమారు పది నిమిషాలే. తాడు కూడా పట్టుకోలేవు. అందుకే ఒళ్లంతా కప్పే ఎర్రటి రబ్బరు సూటు ఉంటుంది, చేతులు, కాళ్లు, తల అన్నీ అందులోనే. ఒక్క నిమిషంలో వేసుకోవాలి. మా ఓడలో డ్రిల్లు పెట్టినప్పుడు మా వంట మాస్టారు రెండు కాళ్లూ ఒకే కాల్లో దూర్చి బొక్కబోర్లా పడ్డారు. అందరం నవ్వాం. డచ్ హార్బర్ చూశాక మళ్లీ ఏ డ్రిల్లులోనూ నాకు నవ్వు రాలేదు.

ప్రశ్న: రాజపీత అంటే మన మండపీత లాంటిదేనా? దానికి అంత ధర ఎందుకు?
— గృహిణి, కాకినాడ

జవాబు: కాళ్లు లెక్కపెట్టండి. మండపీతకి రెండు డెక్కలూ, ఎనిమిది కాళ్లూ. రాజపీతకి డెక్కలు పోను ఆరే కనిపిస్తాయి, ఇంకో చిన్న జత పెంకు కింద దాక్కుని ఉంటుంది. అసలది శంఖుల్లో కాపురముండే సన్యాసి పీతల బంధువు. కాళ్లు చాపితే నాలుగైదు అడుగులు. పట్టిన ప్రతిదీ ఉంచుకోరు. ఎర్ర రాజపీతలో ఆరున్నర అంగుళాల పెంకున్న మగదే ఉండాలి, ఆడవీ, చిన్నవీ తిరిగి నీళ్లలోకే. ఉంచినవాటిని ఒడ్డు చేరేదాకా సముద్రపు నీటి తొట్టెల్లో బతికించాలి. ఒకటి చచ్చిందంటే చుట్టూ ఉన్నవాటినీ పాడు చేస్తుంది, చచ్చినదానికి పైసా ఇవ్వరు. ఆ తొట్టె ఎప్పుడూ నిండా ఉండాలి. సగం నీళ్లుంటే అటూ ఇటూ కొట్టుకుని బోటునే తిప్పేస్తుంది. ధరలో ఇవన్నీ ఉన్నాయి.

అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఫిలిపినో కుర్రాడు మా ఓడలోని తనవాళ్లని చూడ్డానికి వచ్చి, ఉడికించిన రాజపీత కాళ్లు ఒక సంచెడు ఇచ్చాడు. తియ్యగా, బాగానే ఉంది. కానీ మా అమ్మ కోరింగ మండపీతతో పెట్టే పులుసు ముందు నిలవదు. కాకినాడ వాళ్లకి నేను చెప్పాలా!

ప్రశ్న: అలాస్కాలో వెయ్యి కోట్ల పీతలు మాయమయ్యాయని చదివాను. అన్ని ఎక్కడికి పోతాయి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: ఎక్కడికీ పోలేదు మాస్టారూ, చచ్చిపోయాయి. అవి రాజపీతలు కావు, మంచు పీతలు. 2018, 2019లలో అవి ఉండే బేరింగ్ సముద్రం మామూలుకంటే బాగా వేడెక్కింది. ఆ వేడి నీళ్లే నేరుగా చంపలేదు. నీరు వేడెక్కితే పీత ఒంటికి తిండి ఎక్కువ కావాలి. అప్పటికి అక్కడ పీతలు కిక్కిరిసి ఉన్నాయి, తిండి చాలక మాడిపోయాయి. శాస్త్రవేత్తలు 2023లో ప్రచురించిన పరిశోధనలో చెప్పింది ఇదే.

2020-21 సీజనుకి సుమారు 20 వేల టన్నుల మంచు పీతలు పట్టుకోవచ్చన్నారు. 2022 అక్టోబరులో ఆ వేటని చరిత్రలో మొదటిసారి పూర్తిగా మూసేశారు. మరుసటేడు కూడా తెరవలేదు. అదే సముద్రంలోని బ్రిస్టల్ బే అనే అఖాతంలో ఎర్ర రాజపీతల వేట కూడా 2021, 2022లలో లేదు. 2024-25లో మంచు పీతలకి మళ్లీ అనుమతిచ్చారు కానీ, ఇచ్చింది రెండు వేల టన్నుల పైచిలుకు. బోటు అప్పులు మాత్రం ఏటా అలాగే ఉంటాయి కదా, అంచేత కొందరు అమ్ముకున్నారు, కొందరు వేరే చేపలకి మళ్లారు.

సోంపేట తల్లిగారూ, ఈ జవాబు మీరూ చదవండి. మూడు నెలలకి పాతిక లక్షలన్న ఆ ఏజెంటుని, ఆ లెక్క ఏ ఏడాదిదో అడగండి.